చెయ్యి చాపని బండి

మా అత్తగారింట్లో అన్నం దగ్గర ఎవరూ చెయ్యి చాపకూడదు. కూర గిన్నె అయినా, మంచినీళ్ల చెంబు అయినా, ఇచ్చే మనిషి లేచి పక్కకు వచ్చి ఇవ్వాలి. ఉన్నచోటి నుంచే అందించబోతే మా అత్తమ్మ అమృతమ్మ మొహం పక్కకు తిప్పుకునేది. "దగ్గరికొచ్చి ఇయ్యి" అనేది. నేను కాపురానికి వచ్చాక ఆ ఇంట్లో నాకు చెప్పిన మొదటి మాట అదే.

అసలే నాది ఊరుకునే నోరు కాదు. "కోడలి నడుము విరగ్గొట్టడానికి పెట్టిన రూలా ఇది?" అని ఆ రాత్రే మా ఆయన శంకరయ్యను అడిగాను. ఆయన నవ్వలేదు. దూలానికి కొట్టిన మేకు మీద చుట్ట చుట్టి వేలాడుతున్న పాత మోకును చూపించాడు. అది మా మామ నాగన్నది. ఆయన బావులు తవ్వే ముఠాకు పెద్ద. నాగర్‌కర్నూలు దిక్కు ఒక బావిలో పూడిక తీస్తుంటే, రాళ్ల గంపను పైకి లాగుతున్న క్రేను ఉన్నట్టుండి ముందుకు ఒరిగింది. దాని చెయ్యి బావి మీదికి చాపి ఉంది. వెనక బరువు కోసం పేర్చిన రాళ్లు చాలలేదు. బావి అడుగున మామ ఉన్నాడు. అప్పటికి మా మరిది తిరుపతి ఇంకా పాలు మానలేదట.

ఆ తర్వాత నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు. కానీ లోపల్లోపల విసుక్కుంటూనే ఉన్నాను. చెంబు పట్టుకుని నలుగురి చుట్టూ తిరిగి తిరిగి ఇచ్చేదాన్ని.

రెండు వేల ఏడు ఎండాకాలం సంగతి ఇది. ధరూరు దిక్కు కృష్ణ నీళ్లను మెట్ట మీదికి ఎత్తిపోసే పనులు జోరుగా సాగుతున్నాయి. మా ఊరి పొలిమేరలోనే పంపుహౌస్ కోసం పెద్ద గుంత తవ్వారు. మా వాళ్లు తాతల కాలం నుంచి పరాయి ఊళ్లలో తవ్వి వచ్చినవాళ్లే. ఎక్కడెక్కడి డ్యాములకో మట్టి మోశారు. మా చేను మాత్రం వాన కోసం నోరు తెరుచుకునే ఉండేది. మొట్టమొదటిసారి పని మా గుమ్మం ముందుకు వచ్చింది. మేస్త్రీ అయిన మా ఆయనకు పంపుహౌస్ గోడ దగ్గర సామాను ఎత్తించే పని దొరికింది. సెంట్రింగ్ షీట్లు, ఇనుప చువ్వల కట్టలు, ఇవన్నీ కింది నుంచి లేస్తున్న గోడ మీదికి చేర్చాలి. దానికి ఒక బండి కిరాయికి తేవాలి. నడపడానికి, పుణెలో ఇలాంటి బండ్లే నడుపుతున్న తిరుపతి వచ్చేశాడు.

పెద్దయ్యాక ఇద్దరు కొడుకులూ ఒక్క ఇంట్లో పడుకున్న ఎండాకాలం మా అత్తమ్మకు అదే మొదటిది. పొద్దున లేవగానే ఇద్దరి మంచాలూ చూసుకుని, ఆ తర్వాతే వాకిలి ఊడ్చేది. నాకు తెలియదనుకునేది.

ఏ బండి తేవాలన్న మాట మా వసారాలో, రొట్టెల దగ్గర తేలింది.

సైటు ఇంజనీరు శ్రవణ్ కుమార్‌ది వనపర్తి. చదువు ముగించి ఉద్యోగంలో చేరిన కొత్త. హోటలు తిండితో కడుపు పాడు చేసుకున్నాడని మా ఆయన జాలిపడి భోజనానికి పిలిచాడు. జొన్న రొట్టె, పుంటికూర పెట్టాను. రెండో రొట్టెకు మనిషి తేరుకున్నాడు.

"రెండు రకాల బండ్లున్నయి శంకరయ్యా" అన్నాడు. "ఒకటి ఫోర్క్‌లిఫ్ట్. గోదాముల్లో తిరిగే చిన్నది కాదు, పెద్ద టైర్లది, గుట్టల మీద గూడ పోతది. ఇంకోటి టెలీహ్యాండ్లర్. రెండూ మన బరువు లేపుతయి. కానీ నన్నడిగితే రెండోదే తెమ్మంట."

మా అత్తమ్మ గుంజకు ఆనుకుని విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తోంది. "ఏంది సారూ రెండిటికి ఫరక్?" అంది.

జవాబు తిరుపతి చెప్పాడు. వాడు రెండూ నడిపినవాడు. "నిచ్చెన బండి, చెయ్యి బండి అనుకో అమ్మా. నిచ్చెన బండికి ముందట ఇనుప నిచ్చెన నిలవడి ఉంటది. దాని మీద బరువు సక్కగ మీదికి పోతది, సక్కగ కిందికొస్తది. గంతే. చెయ్యి బండికి పొడుగు చెయ్యి ఉంటది. మీదికి లేస్తది, ముందటికి చాపుకుంటది. గుంతకు దూరంగ నిలవడి, గాలిల నుంచి తీస్కపోయి గోడ మీద పెడ్తది."

చాపుకుంటది అన్న మాట దగ్గరే ఆమె చేతిలో కాయ ఆగిపోయింది. నేను చూశాను, మా ఆయన కూడా చూశాడు. పాపం ఆ పిల్లవాడు శ్రవణ్ కుమార్‌కు మాత్రం ఏం తెలుసు? వివరంగా చెబుదామనుకుని, నిండు చెంబు చేతిలోకి తీసుకుని లేచి నిలబడ్డాడు.

"ఇట్ల అమ్మా. నేను బండి. ఆ అరుగు అంచు గుంత ఒడ్డు. నేను ఇంత ఎనక నిలవడ్డ. ఒడ్డు మీద నా బరువు పడదు." చెంబును చాచిన చేతితో అరుగు అవతలికి పట్టుకున్నాడు. "నిచ్చెన బండి అయితే చెంబు ఛాతీకి ఆనిచ్చుకొని, ఒడ్డు దాకా నడిచి పోవాలె."

 అతను చెయ్యి దించలేదు. మా అత్తమ్మ చెంబు వైపే చూస్తూ కూర్చుంది. కాసేపటికి చెయ్యి వణికి, నీళ్లు తొణికి అరుగు కింద పడ్డాయి.

"సూస్తిరా" అంది ఆమె. గొంతు పెంచలేదు. "ఇగ ఛాతీకి పట్టుకో సారూ. వణుకుతదేమో చూద్దాం."

అతను నవ్వుతూ ఛాతీకి ఆనించుకున్నాడు. చెంబు కదలలేదు.

తిరుపతి పళ్లెం పక్కకు జరిపాడు. "అమ్మా, చెయ్యి చాపినప్పుడు చెంబుల సగమే నీళ్లు పోయాలె. ఎంత దూరం చాపితే ఎంత బరువో బండి లోపల రాసే ఉంటది. గది తప్పకపోతే బండి ఒరగదు. నేను తప్ప."

"నువ్వు తప్పవు బిడ్డా. నింపిచ్చెటోళ్లు తప్పుతరు." ఆమె ఒలిచిన గింజల్లో వేళ్లు పెట్టి కలియబెడుతోంది. "మీ నాయిన గూడ గంప సగమే నింపుమన్నడు. పొద్దు గూకుతున్నది, జల్ది కావాలె అని పైనోళ్లు నిండ నింపిచ్చిండ్రు. సగం నీళ్లకు ఎవలొప్పుకుంటరు చెప్పు? నువ్వొప్పుకుంటవా శంకరయ్యా? సారు ఒప్పుకుంటడా?"

శ్రవణ్ కుమార్ మా ఆయన వైపు చూశాడు. మా ఆయన రొట్టె వైపు చూశాడు. ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదని అక్కడున్న అందరికీ తెలుసు. సైటులో అన్నీ తొందర మీదనే నడుస్తాయి. నాకు కూడా ఆ పూట ఆమె మాటే న్యాయంగా తోచింది.

"గుంత మీదికి చెయ్యి చాపే బండి నా ఇంటికి వద్దు. ఇంకేదన్న తెచ్చుకోండ్రి" అని చేట ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఇంజనీరు చేతులు కడుక్కుంటూ మా ఆయనతో మెల్లగా అన్నాడు. "ఫోర్క్‌లిఫ్టే తేండి, కాదనను. నేల ఎండి ఉన్నన్ని రోజులు ఇనుప పలకలు పరుచుకొని ఒడ్డు దాకా పోవచ్చు. కానీ వాన పడితే, ఒడ్డుకు ఇవతల నేను ముగ్గు పోసి గీసిన గీత దాటొద్దు. అది మాత్రం గట్టిగ చెప్తున్న."

"దాటం సారూ" అన్నాడు మా ఆయన.

నిచ్చెన బండి లారీ మీద వచ్చింది. పసుపు రంగు, నా ఎత్తు చక్రాలు. మా అత్తమ్మ గుమ్మడికాయ కొట్టించింది, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించింది. తిరుపతి బరువు ఎత్తి చూపించాడు. షీట్ల కట్ట నిచ్చెన వెంట నిటారుగా లేచి, అంతే నెమ్మదిగా దిగింది. ఆమె మొహం చూడాలి! "బిడ్డనెత్తుకున్నట్టు ఎత్తుకుంటున్నది" అని పక్కనున్న కూలీలందరికీ చెప్పింది. తర్వాత కొంగులోంచి ఏదో తీసింది. మామ మోకు చివర కోసి తెచ్చిన జానెడు ముక్క. డ్రైవరు సీటు పక్కన కమ్మీకి తానే కట్టింది.

నాకు అది నచ్చలేదు. చచ్చిన మనిషి తాడు బతికిన పిల్లవాడి పక్కన ఎందుకని అనిపించింది. అందామనుకుని, అంత సంతోషంలో ఉన్న ముసలమ్మను చూసి మింగేశాను.

రోజూ మధ్యాహ్నం నేను సైటుకు సద్ది తీసుకుపోయేదాన్ని. మోటరు సైకిళ్లు, ఆటోలు, లారీలు లేపిన దుమ్ములో చీర అంచు ఎర్రబడిపోయేది. మొదట్లో నేనూ ఆ బండిని చూసి మురిసిపోయాను. తిరుపతి నడుపుతుంటే అది చెప్పినట్టు వినేది. వాడు నన్ను దూరం నుంచే చూసి హారను కొట్టేవాడు. "వదినా, ఎక్కు, ఊరు దాకా దించొస్త. మా అన్న స్కూటరు కన్న నయం" అని కేకవేసేవాడు. కూలీలు నవ్వేవాళ్లు. "నీకు పెండ్లామొస్తది గదా, దాన్ని ఎక్కించుకో" అనేదాన్ని నేను.

గోడ పైకి వచ్చిన కొద్దీ ఆ నవ్వులు నాకు తగ్గిపోయాయి. ఒక రోజు సద్ది గంప నెత్తిన పెట్టుకుని గుంత అవతలి వైపు నుంచి వస్తున్నాను. అక్కడి నుంచి మొదటిసారి బండిని ముందు నుంచి చూశాను. బరువు గోడ పరంజా మీద పెట్టాలంటే ముందు చక్రాలు పలకల చివరికి, ఒడ్డు అంచుకు రావాలి. వచ్చాయి. ఆ చక్రాల కింది నుంచి చిన్న చిన్న మట్టి పెళ్లలు విడివడి, గోడను తాకుతూ లోపలికి రాలుతున్నాయి. తిరుపతి క్యాబిన్ లోంచి సగం బయటికి వంగి చక్రాన్ని చూసుకుంటున్నాడు.  గంప దించి అక్కడే కూర్చున్నాను.

అన్నం తింటుంటే అడిగాను. "రోజూ గంత చివరికి పోతవా?"

"పోవాలె గద వదినా. అది చెయ్యి చాపదు. అందుకని నేనే దగ్గరికి పోవాలె." ఉల్లిగడ్డ కొరికి నవ్వాడు. "అమ్మ చెప్పిన లెక్కనే. దగ్గరికొచ్చి ఇయ్యి."

"భయం గాదా?"

వాడు గుంత వైపు తల తిప్పాడు. అడుగున ఊట నీళ్లు తోడే మోటరు నడుస్తోంది. నీళ్లు తగ్గినప్పుడల్లా అది గాలి పీల్చి, దగ్గినట్టు ఖళ్లు ఖళ్లుమంటుంది.

"నాయిన గిట్లనే దగ్గెటోడంట. అమ్మ చెప్పింది. నాకైతే యాది లేదు. ఒడ్డు మీద ఇంజను బందు చేసి కూసున్నప్పుడు ఆ చప్పుడు వింట. ఎందుకో మంచిగనే అనిపిస్తది." చెయ్యి కడుక్కున్నాడు. "నువ్విది అమ్మకు చెప్పకు."

 ఆ తర్వాత నేను గుంత దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ ఆ మోటరు దగ్గు వినిపించేది. మామను నేను చూడలేదు, ఆయన గొంతు ఎలా ఉండేదో తెలియదు. అయినా అడుగున ఆయన కూర్చుని పైకి చూస్తున్నాడని అనిపించేది. ఎవరి కోసం చూస్తున్నాడో అన్న ఆలోచన వస్తే గబగబా నడిచి వచ్చేసేదాన్ని.

ఇంటికి వచ్చాక మా ఆయనను పట్టుకున్నాను. ఊరుకోలేదు, పోట్లాడాను. ఆయన తల పట్టుకుని విన్నాడు. "నాకు గూడ కనవడ్తున్నది సుమనా. గోడ ఇంకా జరంత లేస్తే మన పని సగం అయినట్టే. మిరుగు వానలు పడంగనే ఈ బండి వాపసు పంపి చెయ్యి బండి తెస్త. సారుతోని గూడ అన్న. అమ్మకు నేనే చెప్పుకుంట."

"ఎప్పుడు చెప్తవు?"

"చెప్త."

చెప్పలేదు. రోజూ పొద్దున అత్తమ్మ రెండు మంచాలూ చూసుకుని వాకిలి ఊడ్చడం ఆయనకూ కనిపిస్తూనే ఉంది. ఏ నోటితో చెబుతాడు?

మృగశిర కార్తె ఆ ఏడు మాట తప్పలేదు. తెల్లవారుజామున మొదలైన వాన పొద్దు పొడిచే దాకా కొట్టింది. మట్టి వాసనకు ఊరంతా బయటికి వచ్చింది. మా అత్తమ్మ వాకిట్లో నిలబడి తడిసింది. ఒలిచిన విత్తనం చేటను కళ్లకద్దుకుంది. "రేపు నాగలి కట్టాలె" అంది. ఎంత సంతోషం ఆమెకు!

కష్టం కూడా అక్కడే వచ్చింది. మర్నాటి నుంచి కూలీలెవరూ దొరకరు. వాన పడిందంటే పాలమూరు మనిషి ఏ పనిలో ఉన్నా వదిలేసి తన చేనికి పోతాడు, ఆపితే ఆగడు. గోడకు ఈ విడత చివరి వరస సెంట్రింగ్ ఆ రోజే బిగించాలి, లేకపోతే మళ్లీ విత్తనాలు అయ్యే దాకా అంతే. ఆ రోజుతో పని నిలుస్తుందని మా ఆయన ముఠాకు కోడి కూర పెట్టిస్తానన్నాడు. నేను గిన్నెలు సర్దుకుని వాళ్లతోనే సైటుకు వెళ్లాను.

మేము వెళ్లేసరికి ఎండ కాసింది. ముగ్గు గీత లేదు. వానకు కొట్టుకుపోయింది. ఎర్ర మట్టిలో అక్కడక్కడ తెల్లగా చార మిగిలింది. కానీ ఇనుప పలకలు ఆరిపోయి తళతళలాడుతున్నాయి. వాటి మీద కాలు పెడితే కాలికి పొడిగానే తగిలింది.

"రెండు రోజులు ఆగుదాం. సారు గూడ రాలేదు" అన్నాడు మా ఆయన.

"రెండు రోజులకు మనుషులేరన్నా?" అన్నాడు తిరుపతి. పలకల మీద గెంతి చూశాడు. అవి కదల్లేదు. "ఎండినయి. ఒక్క ఖేపు. ఉన్న షీట్లన్నీ ఒక్కటే ఖేపుల పెట్టొస్త. తర్వాత బండి వాపసు పంపు, నీ చెయ్యి బండి తెచ్చుకో." నా వైపు తిరిగాడు. "వదినా, నాకు కాలు ముక్క దాచు."

నేను రేకుల పందిరి కింద పొయ్యి అంటించి నూనె పోశాను. అక్కడి నుంచి బండి కనిపించదు, చప్పుడు మాత్రం వినిపిస్తుంది. ఇంజను బిగువుగా ముందుకు పోయింది. ఆగింది. బరువు పైకి లేస్తున్న చప్పుడు. గోడ మీది నుంచి కూలీలు "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటున్నారు. తర్వాత బండి వెనక్కి వచ్చేటప్పుడు కొట్టే చప్పుడు మొదలైంది. బీప్, బీప్ అని. పెట్టేసి వస్తున్నాడనుకుని నూనెలో ఉల్లిగడ్డలు వేశాను.

ఆ చప్పుడు దగ్గరికి రాలేదు. ఏదో బరువుగా కదిలిన శబ్దం, నేల అదిరింది. బీప్, బీప్ మాత్రం ఆగలేదు. కాకపోతే కింది నుంచి వస్తోంది.

నేను పరుగెత్తాను. పలకలు లేవు. ఒడ్డు కొరికినట్టు ఉంది. మా ఆయన ఆ ఒడ్డు పక్కన నిలబడి, వెనక్కి రమ్మని రెండు చేతులూ ఊపుతూనే ఉన్నాడు. అక్కడ బండి లేదు, ఆయన చేతులు ఆగడం లేదు. నేను పట్టుకుని కిందికి దించాను. గుంతలో బండి పక్కకు పడి ఉంది. చక్రాలు తిరుగుతున్నాయి. పలకల కింది మట్టి ఆరనే లేదు, ముద్దలా జారిపోయింది. మోటరు దగ్గుతోంది. బీప్, బీప్ అంటోంది. ఎవరో దిగి బ్యాటరీ తీగ తెంపే దాకా వాడు వెనక్కి వస్తున్నానని చెబుతూనే ఉన్నాడు.

తిరుపతి నిచ్చెన కింద ఉన్నాడు. ఆ సంగతి అంతకంటే చెప్పలేను.

పెద్ద క్రేను రావాలంటే బురదలో దారి లేదు. కాలువ అవతలి గుత్తేదారు దగ్గర ఒక చెయ్యి బండి ఉంటే, కబురు విని వచ్చిన శ్రవణ్ కుమార్ పరుగెత్తి తీసుకొచ్చాడు. ఎవరో మా అత్తమ్మను మోటరు సైకిలు మీద తెచ్చారు. ఆమె చేతికి విత్తనం పొట్టు ఇంకా అంటుకుని ఉంది. ఏడవలేదు. నన్ను పట్టుకుని నిలబడి చూసింది.

ఆ బండి గుంతకు ఎంతో వెనక, గట్టి నేల మీద, పోయిన ముగ్గు గీతకు కూడా అవతలే ఆగింది. కాళ్లు దించి నేలకు తన్నిపెట్టింది. పొడుగు చెయ్యి మెల్లగా లేచింది, చాపుకుంది, ఇంకా చాపుకుంది. మా తల మీది నుంచి, విరిగిన ఒడ్డు మీది నుంచి దాటి గుంత మీదికి వంగింది. దాని చివర ఇనుప గంపలాంటిది కట్టారు. తాళ్లతో దాన్ని కిందికి వదిలారు. కింద ఉన్నవాళ్లు మా పిల్లవాడిని అందులో పడుకోబెట్టారు. చెయ్యి వణకలేదు. సగం బరువు కూడా లేడు వాడు. గాలిలో నుంచి తెచ్చి, మా అత్తమ్మ కాళ్ల ముందు, పువ్వును పెట్టినట్టు పెట్టింది.

ఆమె కొడుకు మీది దుప్పటి సర్దింది. తర్వాత లేచి, ఆ బండి ముందు చక్రం దాకా నడిచింది. చక్రం మీద చెయ్యి పెట్టి, వెనక్కి తిరిగి గుంత ఒడ్డును చూసింది. చాలాసేపు చూసింది. మధ్యలో ఉన్న నేలంతా ఆమె కళ్లు తడుముకుంటూ పోవడం నాకు తెలుస్తూనే ఉంది.

"సారూ" అని పిలిచింది. "ఇది ఇంత దూరంలనే నిలవడ్తదా?"

శ్రవణ్ కుమార్ ఏడుస్తున్నాడు. తల ఊపాడు.

"ఆ దినం అరుగు మీద నువ్వు చెప్పింది ఇదేనా?"

"అవునమ్మా."

 గద్వాల దవాఖానకు తీసుకుపోతుంటే జీపులో వాడి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. జానెడు మోకు ముక్క ఎవరు విప్పి తెచ్చి ఇచ్చారో, ఆమె పిడికిట్లో ఉంది.

మా ఆయన మళ్లీ మేస్త్రీ పని పట్టలేదు. పంపుహౌస్ ఎప్పుడో పూర్తయింది. ఇప్పుడు ఆ నీళ్లు మా చేనులోకి వస్తాయి. వరి వేస్తాం. నీళ్లు పారే రోజు మా ఆయన గట్టు మీద కూర్చుని కాలువ వైపు చూడడు. నా సంగతి చెప్పాలంటే, వీధిలో ఏ లారీ వెనక్కి వస్తూ బీప్, బీప్ అన్నా చేతిలో పని ఆగిపోతుంది. అది దగ్గరికి వచ్చి ఆగే దాకా ఊపిరి బిగబట్టుకుంటాను. వచ్చి ఆగాక, వచ్చినవాడు వాడు కాదు కదా అని మళ్లీ ఏడుపు వస్తుంది.

ఆ ఏడు విత్తనం ఎవరు వేశారో కూడా మాకు గుర్తు లేదు. ఊరివాళ్లు వేసి ఉంటారు. కర్మ అయిన మర్నాడు చుట్టాలందరూ వెళ్లిపోయారు. అన్నాళ్లూ ఎవరో ఒకరు ముద్దలు కలిపి పెడితే తిన్న అత్తమ్మ, ఆ పగలు తానే వచ్చి పీట వేసుకుని కూర్చుంది. మా ఆయన ఆమె ఎదురుగా కూర్చున్నాడు. మూడు పళ్లేలు వేశాను. నాలుగోది చేతిలోకి వస్తే లోపల పెట్టేశాను.

రెండు ముద్దలు తిన్నాక ఆమెకు పొలమారింది. నేను చెంబు తీసుకుని, అలవాటు కొద్దీ పక్కకు రావడానికి లేచాను.

"ఆడనే నిలవడు" అంది.

నాకు అర్థం కాలేదు. ఒక అడుగు ముందుకు వేశాను.

"దగ్గరికి రాకు బిడ్డా. ఆడనే నిలవడి ఇయ్యి."

ఎదురుగా మా ఆయన చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. నేను ఉన్నచోటే నిలబడి, పళ్లేల మీదుగా నిండు చెంబు చాపాను. నా చెయ్యి వణికింది. నీళ్లు తొణికి అన్నంలో పడ్డాయి. ఆమె చూస్తూనే ఉంది. తర్వాత తాను కూడా చెయ్యి చాపి అందుకుంది.